పసుపు రాసిన చోట

పన్నెండు కాగానే పట్టాభిరామయ్య గారు నొక్కేస్తారు. ముప్పయ్యేళ్లుగా ఏ పనీ నిమిషం ఆలస్యంగా చేసిన మనిషి కాదాయన, ఇవాళ మాత్రం ఎందుకు చేస్తాడు, హబ్సిగూడలో తన గదిలో కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కంప్యూటర్లో ఆ సైన్సు పత్రికవాళ్ల పేజీ తెరిచి పెట్టుకుని కూర్చునే ఉంటాడు, పన్నెండు లోపు ఫోను వస్తే ఆపుతాను, రాకపోతే అచ్చుకి సరే అనేస్తాను అన్నాడు, అంతే. అంటే ఆయన దగ్గర పరిశోధన చేసే ఆమని ఏమీ చేయక్కర్లేదు. నోరు మూసుకుని ఒక గంట కూర్చుంటే చాలు, అయిదేళ్ల పని అచ్చయిపోతుంది, సోమవారం శ్రీకాకుళం దగ్గర ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ ఒడ్డున షామియానా వేసి జెట్టీ గురించి ప్రజాభిప్రాయం అడిగినప్పుడు ఆ కాగితం పట్టుకుని ఆ ఊరి జాలరి రత్నం పిన్ని లేచి నిలబడుతుంది. గోడ గడియారం పదకొండుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇందాకా అదే చూపించింది. నాచారంలో మందుల గోదాము మీద వేసిన రెండు గదుల ల్యాబు ఇది, కిటికీ తెరిస్తే ముక్కు మండే వాసన, మూస్తే ఉక్క, ఆమని ఈ పొద్దుట్నుంచి మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూసింది, నాలుగోసారి లేవబోతుంటే మెషిను నడిపే కొమురెల్లి తల తిప్పకుండానే అన్నాడు.

"జర కూసోండ్రి మేడమ్. మీరు నిలవడి సూస్తే మెషిన్ జల్ది నడుస్తదా?"

కూర్చుంది. నిజమే, దాని పద్ధతి దానిది. పెసరగింజంత తగరపు గిన్నెలో అరమిల్లీగ్రాము తోలుపొడి పెట్టి, గిన్నెను ఉండలా మడిచి పైన పళ్లెంలో వేస్తే, అది ఒక్కొక్కటే కొలిమిలోకి జారి, భగ్గున కాలి, పొగై, అయస్కాంతం పక్కనించి వంపు తిరిగి వెళ్తుంది, బరువు కర్బనం ఒక పక్కకీ తేలిక కర్బనం ఒక పక్కకీ వేరుపడతాయి, రెండింటి లెక్కా తెర మీద ఒక సంఖ్యగా వస్తుంది. ఒక్కో ఉండకి పది నిమిషాలు. ఇవాళ మూడే ఉండలు, మూడు తిమింగలాలు. ఈ మెషినుకి తిమింగలాలంటే ఏమిటో తెలియదు పాపం, దాని బతుకుదెరువు తేనె. ఊళ్లోని కంపెనీలు తేనె పంపుతాయి, అందులో చక్కెర పాకం ఎంత కలిసిందో ఇది చెప్తుంది, చెరకు కర్బనం వేరు, పూల కర్బనం వేరు. ఏ ప్రాణైనా ఏం తిన్నదో అదే దాని ఒంట్లో ఉంటుంది, దాచుకోలేదు. రెండేళ్ల కిందట ఒక తీరిక సాయంత్రం సరదాకి తన వెంట్రుక ఒకటీ కొమురెల్లి వెంట్రుక ఒకటీ కాల్చి చూశారు, జనగామ పక్క పల్లెలో జొన్నరొట్టె తిని పెరిగి ఇప్పటికీ పొద్దునా రాత్రీ అదే తినే కొమురెల్లికి ఒక సంఖ్య, చిల్కానగర్లో మూడు పూటలా అన్నం తినే ఆమనికి వేరే సంఖ్య, ఇద్దరికీ నడుమ అంత దూరం చూసి, "గందుకే మేడమ్, మీకు బలం తక్వ" అని వారం రోజులు ఏడిపించాడు. అంత నిజం చెప్పే మెషిను ఇది. అంత నిజం చెప్పే మెషినుకి తనే చేతులారా కల్తీ సరుకు పెట్టిందా అన్నది తేలడానికి ఇంకా పది నిమిషాలుంది.

తెలిసింది మొన్న బుధవారం, ఆయుధపూజ నాడు. లేకపోతే తెలిసేదే కాదు, ఎప్పటికీ తెలిసేది కాదు, అదీ ఆమనికి ఎక్కువ భయం వేసే సంగతి. కొమురెల్లి తలస్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, మెషినుకి బంతిపూల దండ కట్టి, పక్కనే పళ్లెంలో పసుపు కలిపి, మూడు వేళ్లతో కొలిమి తలుపు మీద అడ్డంగా రాసి కుంకుమ బొట్టు పెట్టాడు, తరవాత అదే చేత్తో అలవాటు మీద గిన్నెల డబ్బా అందుకోబోయి తనే నాలిక కరుచుకున్నాడు. "అరెరె, చెయ్యి కడుక్కొస్త మేడమ్, మొన్నట్ల తేనెల పసుపు వడితె లెక్క మొత్తం అటీటయితది." నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆమని నవ్వలేదు. చేతిలో కొబ్బరిముక్క అట్లాగే ఉండిపోయింది. పసుపు భూమి మీద పెరిగేది. దాని కర్బనం నేల కర్బనం. నేల మీది ఆకూ అలమూ కొట్టుకొచ్చి ఏటి బురదలో చేరేదీ అదే. మెషిను లెక్కలో మైనస్ ఇరవై ఎనిమిది, అటూ ఇటుగా.

ఎందుకంటే ఆ తిమింగలాల తోలులో కనిపించింది నేల కర్బనమే. తీరం పొడుగునా ఎక్కడెక్కడో ఒడ్డుకి కొట్టుకొచ్చిన తిమింగలాలు ఎనిమిది, వాటిలో అయిదు మామూలుగానే మైనస్ పదిహేడు దగ్గర నిలబడ్డాయి, నడిసముద్రంలో తిని బతికిన జంతువులకి ఉండాల్సినట్టే. ఆ ఒక్క ఏటి మొగ దగ్గర పడిన మూడే మైనస్ ఇరవై రెండు. మూడూ ఒకటే రకం. ఆ సంఖ్యలు చూసిన రోజు పట్టాభిరామయ్య గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, ఆయన లేచి నిలబడడం ఆమని ఎప్పుడూ చూడలేదు. ఏరు తెచ్చే మేత మీద పెరిగిన చేపల్ని ఆ తిమింగలాలు మొగలోనే ఉండి నెలల తరబడి తింటున్నాయన్న మాట, అంటే ఆ మొగ వాటి అన్నం కంచమన్న మాట, అంటే దాన్ని తవ్వి పెద్ద పడవలకి దారి చేసి జెట్టీ కడతామనే వాళ్లకి ఇక నోరు పెగలదన్న మాట. కర్బనానికీ నత్రజనికీ ఉండాల్సిన నిష్పత్తి కొంచెం చెడినట్టు కనిపించింది అప్పుడే, కనిపించకపోవడమేమిటి, కనిపించింది, తోలులో కొవ్వు మిగిలి ఉంటుందిలే అని సూత్రం వేసి సరిచేసింది, అందరూ చేసే పనే అది. కొవ్వు అనుకుంది. ఎందుకు అనుకుంది? కొవ్వే అయ్యుండాలని కోరుకుంది గనక. ఇప్పుడు ఒప్పుకోవడానికేం.

"మేడమ్, ఫస్టుది వడ్డది."

లేచి తెర దగ్గరికి వెళ్లింది, వెళ్లకుండా ఉంటే బాగుండేది, గీత ఇంకా ఎక్కుతోంది, కొండలా లేచి, మెల్లగా దిగుతోంది, కొమురెల్లి గడ్డం గోక్కుంటున్నాడు, ఎక్కడో కింద వీధిలో వినాయకుడి దగ్గరో అమ్మవారి దగ్గరో వాడిన స్పీకర్లు ఆటోలో ఎక్కిస్తున్నారు కాబోలు, ఒకడు ఇంకొకణ్ణి తిడుతున్నాడు. ఆ మొదటి తిమింగలాన్ని ఆమని చూసేసరికే నిలువెల్లా పచ్చగా ఉంది. పొద్దున్నే పడిందట, మర్నాడు మధ్యాహ్నానికి ఆమని విశాఖలో రైలు దిగి జీపులో వెళ్లింది, అప్పటికే ఊళ్లో ఆడవాళ్లంతా బిందెలతో నీళ్లు పోసి, పసుపు రాసి, నోటి దగ్గర కొబ్బరికాయలు కొట్టి, నువ్వులనూనె దీపాలు పెట్టారు, దాని కన్ను ఒక్కటే నల్లగా, మిగిలిందంతా పెళ్లికూతురు. గంగమ్మ పంపిన తల్లి అన్నారు, రెండోదానికీ అంతే చేశారు. మిగతా అయిదు ఊళ్లలో అట్లా లేదు, అక్కడ పిల్లలు ఎక్కి ఫోటోలు తీసుకున్నారు, కుక్కలు తిరిగాయి, అందుకే ఆ అయిదూ శుభ్రంగా మైనస్ పదిహేడు. ఇంత సులువైన సంగతి అయిదేళ్లు దీని మీదే పనిచేసిన ఇద్దరికి తట్టలేదు. ఫీల్డు కాగితం మీద గాలి ఎటు వీస్తోందో రాయడానికి గడి ఉంది, శవం ఎంత కుళ్లిందో రాయడానికి గడి ఉంది, పసుపుకి గడి లేదు.

మైనస్ పదిహేడు పాయింట్ మూడు.

కొమురెల్లి గట్టిగా చదివాడు, ఇంకోసారి చదివాడు. పోయినసారి ఇదే తిమింగలం మైనస్ ఇరవై రెండు. ఈసారి తోలు పైపొర చెక్కేసి, లోపలి పొరలోంచి, పసుపు చేరని చోటు నుంచి, కత్తితో బియ్యపుగింజంత తీసి కడిగి ఆరబెట్టింది ఆమని. అదే జంతువు. అదే తోలు. దాదాపు అయిదు పాయింట్లు మారిపోయాయి. కొమురెల్లి ఇటు తిరిగాడు, నవ్వబోయి, ఆమని మొహం చూసి మానుకున్నాడు. "కల్తీయే మేడమ్," అన్నాడు చిన్నగా, తేనె సంగతి చెప్పినట్టే.

ఒక్కటే కదా. ఒక్కటి తప్పయితే మిగతా రెండూ తప్పు కావాలనేముంది, పదకొండూ పది, ఇంకా యాభై నిమిషాలుంది, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంది, అది ఒకసారి వణికింది, చూడలేదు, సారే అయి ఉంటాడు, కాకపోతే అమ్మ, చిల్కానగర్ నుంచి, భోజనానికి వస్తావా రావా అని. బుధవారం సాయంత్రం సారుకి ఫోను చేసి చెప్పినప్పుడు ఆయన ఎంతో నెమ్మదిగా అన్నాడు, ఆయనకి కోపం వచ్చినా బాగుండేది. "పసుపు అంటుకుందనే అనుకుందాం ఆమనీ. అంతమాత్రాన అవి మొగలో తినలేదని రుజువైపోతుందా? కాదు కదా. తినే ఉండొచ్చు. మనం కాగితం ఆపేస్తే సోమవారం ఆ జెట్టీవాళ్లు ఆపుతారా?" ఆయన దొంగ కాదు. ఆ ఊరివాళ్ల కోసం ఆయన తిరిగినన్ని ఆఫీసులు ఆమని తిరగలేదు. అదే చిక్కు. దొంగయితే ఎదురు తిరగడం ఎంత తేలిక. మళ్లీ కొలిచి చూడు, శుక్రవారం పన్నెండు లోపు చెప్పు అన్నాడు, అంటే నిర్ణయం ఆమని మెడకి కట్టి, తను గడియారం దగ్గర కూర్చున్నాడు.

"ఏందిరా బై, ఏడున్నవ్?" కొమురెల్లి ఎవరితోనో ఫోన్లో అరుస్తున్నాడు. "ఉప్పల్ చౌరస్తాలనా? ఇంకా గాడనేనా?" ఫోను పెట్టి సిలిండరు దగ్గరికి వెళ్లి మీటరు ముల్లు మీద వేలితో టకటకా కొట్టాడు. హీలియం. కాలిన పొగను మోసుకెళ్లే గాలి అదే, అది లేకపోతే మెషిను కళ్లు మూసుకుంటుంది. ముల్లు ఎర్రగీతకి వేలెడు దూరం కూడా లేదు. కొత్త సిలిండరు బండి చౌరస్తా దగ్గర ఇరుక్కుంది, పండగకి ఊళ్లకి పోయిన జనమంతా వరంగల్ రోడ్డు మీద ఒక్కసారే తిరిగొస్తున్నారట. "రెండు పక్కా అయితయ్ మేడమ్. మూడోదే జర డౌటు." అప్పుడు ఆమనికి గ్యాసు అయిపోతే బాగుండనిపించింది. స్పష్టంగా, మాటల్లో, లోపల ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు. అయిపోతే చేసేదేముంది, కొలవడం కుదరలేదు సార్, సగమే తెలిసింది సార్, పన్నెండు దాటిపోతుంది, ఎవరిదీ తప్పు కాదు, ఉప్పల్ చౌరస్తాది తప్పు. తన మీద తనకి అసహ్యం వేసింది. అసహ్యం వేసినా ఆ కోరిక పోలేదు, ముల్లు వంక చూస్తూనే ఉంది, కొంచెం దిగితే గుండెకి హాయిగా ఉంది.

రెండోది మైనస్ పదహారు పాయింట్ తొమ్మిది. ఈసారి కొమురెల్లి గట్టిగా చదవలేదు, కుర్చీ పక్కకి జరిపి ఆమనికి చోటిచ్చాడు. పదకొండూ ఇరవై రెండు. దసరా తెల్లారి నాచారంలో గేటు తీసిన ల్యాబు ఇదొక్కటే, అతనింట్లో యాటకూర వండిపెట్టుకుని పెళ్లాం పిల్లలు చూస్తున్నారు, పొద్దుట్నుంచి ఆ మాట ఒక్కసారే అన్నాడు, ఇక అనలేదు. "మేడమ్, ఫికర్ జెయ్యకుండ్రి. మూడోది గిట్ల గాకపోవచ్చు." ఆమనికి ఏడుపు వచ్చింది. మూడోది ఎట్లా వస్తే మంచిదో ఆమెకే తెలియడం లేదు.

మూడోది ఫిబ్రవరిలో పడింది. ఆ రోజు ఆమని ముందే ఆ దగ్గర్లో ఉంది, జీపు దిగేసరికి ఇంకా ఎవరూ రాలేదు, ఇసక మీద అది ఒక్కటే, చిన్నది, పిల్ల, తోలు మీద ఇంకా తడి ఉంది, గంట ముందు బతికే ఉందని తెలుస్తోంది, పొట్ట కింద నీళ్లు వచ్చి పోతున్నాయి. కత్తి తీసి దాని పక్క మీద మొదటి గీత గీసి కోయబోతుంటే వెనకనించి చెయ్యి పట్టుకుంది నూకరత్నం, ఆ రత్నం పిన్నే. యాభై అయిదేళ్ల మనిషి, వల లాగి లాగి చేతులు కొయ్యలయ్యాయి, ఆ చేత్తో పట్టుకుంటే వదిలించుకోలేరు. "పసుపెట్టకుండా కత్తెడతావేటి తల్లీ? ఆడకూతురివి కాదేటి?" అని కొంగు ముడి విప్పి పసుపు ముద్ద ఆమని అరచేతిలో పెట్టింది. అప్పుడు చెప్పాల్సింది. పిన్నీ, కోసేదాకా ఆగు, కోశాక ఎంతైనా రాద్దువు అంటే అయిపోయేది, ఆమె ఒప్పుకునేదే. ఆమని చెప్పలేదు. రెండు చేతులా అద్దుకుని, కోయబోయే చోటే, గీత పడిన చోటే, లోపలికంటా రాసింది. గట్టిగా రాసింది. చల్లగా, నున్నగా, తడి టైరు మీద చెయ్యి వేసినట్టుంది, ఆ తరవాత కోసింది. కాగితంలో గాలి రాసింది, అల రాసింది, పొడుగు రాసింది. సార్ నవ్వుతాడని పసుపు సంగతి రాయలేదు. ఇప్పుడు ఆ ముక్క కూడా ఇక లేదు, మొత్తం చెక్కి చెక్కి ఇవాళ్టి ఉండలో పెట్టేసింది, ఇదే ఆఖరుది.

ముల్లు ఎర్రగీత మీదికి వచ్చి ఆగింది. పదకొండూ ముప్పై మూడు. ఉండ జారిన చప్పుడు వినబడింది, కొలిమిలో పడిన చప్పుడు వినబడదు, అయినా వినబడినట్టే అనిపించింది. గీత లేస్తోంది. రోడ్డు మీద హారను. ఆగకు అనుకుంది, ఆగిపో అనుకుంది, రెండూ ఒకే గుక్కలో. గీత దిగుతోంది, దిగుతూ ఒకచోట వణికింది, కొమురెల్లి సిలిండరుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు, పట్టుకుంటే గాలి పెరుగుతుందన్నట్టు, గీత నేలకి తాకింది.

మైనస్ పంతొమ్మిది పాయింట్ ఎనిమిది.

పదిహేడు కాదు, ఇరవై రెండు కాదు. నత్రజనితో నిష్పత్తి కూడా అటూ ఇటూ తేల్చకుండా మధ్యలో ఆగింది. ఏరు ఉందేమో ఆ పిల్ల ఒంట్లో. నిజంగానే తల్లి వెంట ఆ మొగలో తిరిగి తిన్నదేమో. లేకపోతే కత్తి గీతలోంచి లోపలికి దిగిన పసుపే ఏమో. పైపై రాసిన రెండిటికీ లోపలి పొర శుభ్రంగా ఉంది, దీనికి లోపలిదాకా రాసిన చెయ్యి ఆమనిదే. మూడింటిలో ఒక్కటి నిజం చెప్పగలిగేదుంటే, అది ఇదే, దాని నోరు తనే మూసింది. మళ్లీ కొలవడానికి ఆవగింజంత తోలు కూడా మిగల్లేదు. ఇది ఇక ఎప్పటికీ తెలియదు, తను ముసలిదయ్యాక కూడా తెలియదు. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది.

పదకొండూ నలభై ఆరుకి ఫోను తిప్పి సారుకి చేసింది. సార్ ఒక్క మోతలోనే ఎత్తాడు. సంఖ్యలు చెప్పింది. ఆయన మూడోదాని దగ్గర ఆగాడు, ఆగుతాడని తెలుసు. "పంతొమ్మిదిన్నర దాటింది కదమ్మా. ఒక్కటి మిగిలింది కదా. దాని మీద నిలబడొచ్చు."

"దానికి పసుపు రాసింది నేను సార్."

అవతల కుర్చీ కిర్రుమంది. ఆయన అడగొచ్చు, ఎందుకు రాశావు, కాగితంలో ఎందుకు లేదు, ఎనిమిది నెలలుగా ఎందుకు చెప్పలేదు. అడగలేదు. గడియారం ముల్లు ఒక గడి దాటింది. "ఆపేస్తున్నాను," అన్నాడు. "నూకరత్నానికి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను సార్."

ఎన్నిసార్లు మోగిందో, నూకరత్నం ఎత్తింది. గాలి హోరు, ఎవరో వల దులుపుతున్న చప్పుడు, ఆవిడ ఎప్పుడూ ఫోను చెవికి దూరంగా పట్టుకుని అరుస్తుంది. ఆమని ముందు అనుకున్న మాటలన్నీ పోయాయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది, తిమింగలం ఒంట్లో కనబడింది ఏరు కాదు పిన్నీ, పసుపు, సోమవారానికి కాగితం లేదు. వల దులిపే చప్పుడు ఆగిపోయింది.

"అందరికీ సెప్పేసినాను గదే పాపా," అంది నూకరత్నం. అరవలేదు. "మా ఏట్నే తిన్నాదని, లెక్క కట్టినారని, ఊరూరా తిరిగి సెప్పినాను. ఆళ్లంతా నన్ను అబద్ధాలకోరంటారు." కాసేపు గాలి. "పసుపు రాయడం మా తప్పేనేటి?"

"మీ తప్పు కాదు పిన్నీ. నాది. నాకు తెలుసు, నేను చదువుకున్నాను. నువ్వు చేతిలో పెట్టినప్పుడు వద్దనాల్సింది."

"మరెందుకనలేదు?"

కొమురెల్లి సిలిండరు వాల్వు మూస్తున్నాడు, వినకూడదని వీపు తిప్పుకున్నాడు. ఆమనికి సంజాయిషీలు నాలుగైదు తట్టాయి. ఊరివాళ్లని నొప్పించకూడదని, టైము లేదని, పైపొరే కదా అని. ఒక్కటీ నిజం కాదు.

"నాకూ రాయాలనిపించింది పిన్నీ. అంత చిన్నపిల్ల, ఒక్కతే పడుంది. రాయకుండా కోయలేకపోయాను."

అవతల వల దులిపే చప్పుడు మళ్లీ మొదలైంది.

"అయితే సోమారం నువ్వొచ్చి నా పక్కన నిలబడి, ఆ కలెట్రుగారికి ఈ మాటే సెప్పు," అంది నూకరత్నం.